దిగుడు తెలియని కాళ్ళు

నమోదు 1. పుష్యమాసం, టవరు

నడక సాధన మొదలుపెట్టిన రోజు నుంచీ రాయమని అడవి గేటు ఆఫీసు వాళ్ళు చెప్పారు. ఏం తిన్నాను, ఎంత నడిచాను, ఒళ్ళెలా ఉంది, మనసెలా ఉంది. మనసు సంగతి వాళ్ళకెందుకో నాకు తెలియదు. నా పేరు లాస్య, వయసు అరవై రెండు, ముప్ఫై ఏళ్ళు పిల్లలకి భూగోళం చెప్పి రిటైరయ్యాను. ఒళ్ళు నొప్పులుగా ఉంది. మనసూ ఆ వరసలోనే ఉందని రాసుకోండి.

పొద్దున తోడుకాళ్ళు విప్పేశాను. యాభై దాటిన వాళ్ళందరికీ మేం ఉండే ఈ టవరు వాళ్ళు బిగించే యంత్రపు కాళ్ళు ఇవి. అడుగు వేద్దామని మనం అనుకుంటే చాలు, మిగతా పనంతా అవే చూసుకుంటాయి. నిద్రకీ స్నానానికీ తప్ప వాటిని విప్పి ఎన్నాళ్ళైందో. విప్పి గోడకి ఆనించి, మంచం దగ్గర్నుంచి వంటగట్టు దాకా నా సొంత కాళ్ళతో నడిచాను. టీకి నీళ్ళు పొయ్యి మీద పెట్టి, నిలబడలేక గట్టు కిందే చతికిలబడ్డాను. పైన నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోయాయి. లేచి ఆపే ఓపిక లేక చూస్తూ కూర్చున్నాను. చివరికి పొయ్యే విసుగెత్తి ఆరిపోయింది.

ఈ అవస్థంతా మా అన్నయ్య కోసం. అన్నయ్య పేరు తేజస్. నల్లమల లోపల, కృష్ణ ఒడ్డున, లోయ అడుగున విత్తనాల కాపుగా, పాత పంటల విత్తనాలు అంతరించకుండా పండిస్తూ ఉంటున్నాడు. వెళ్ళి ఇరవై ఏళ్ళయింది. అడవిలోకి కరెంటుతో నడిచే వస్తువేదీ పోకూడదు, మాటలు పంపే పెట్టెలైనా సరే, తోడుకాళ్ళైనా సరే. మనిషి తన కాళ్ళతో, తన తిండి తన వీపున మోసుకుని నడవాలి. గేటు పదేళ్ళకోసారి తెరుస్తారు, అదీ జ్యేష్ఠ పున్నమి దాకానే. మూసేనాటికి లోపలున్న వాళ్ళు లోపలే, బయటున్న వాళ్ళు బయటే.

మొన్న గేటు తెరవగానే బయటికొచ్చిన ఒకాయన వెతుక్కుంటూ మా వాటాకి వచ్చాడు. "తేజస్ మాస్టారు బాగా దగ్గుతున్నారమ్మా. ఇంకో పదేళ్ళ మాట నేను చెప్పలేను," అన్నాడు. సముద్రం లోపలికొచ్చిన ఏడు అమ్మా నాన్నా పోతే, తొమ్మిదేళ్ళ దాన్ని నన్ను పెంచింది అన్నయ్యే. అతన్ని ఒక్కసారి చూడాలి. ఇంకేమీ అక్కర్లేదు.

నమోదు 3

ఒంటరిగా పంపరట. జంటగా వెళ్ళాలట. ఈ టవర్లో నాకు జంట అంటే పక్క వాటాలో ఉండే మా వదిన ఉజ్వల ఒక్కతే. అన్నయ్య భార్య. ఇరవై ఏళ్ళ కిందట, మళ్ళీ గేటు తెరవగానే వచ్చేస్తానని చెప్పి అన్నయ్య వదిలేసి వెళ్ళింది ఈవిణ్ణే. అందుకని భయపడుతూనే అడిగాను.

"ఆ మనిషి మొహం నేను చూడను. ఇంకెవర్నన్నా చూసుకో," అంది, కూరగాయలు తరగడం ఆపకుండానే.

"చూడొద్దులే వదినా. నాకు తోడుగా రా, చాలు."

"నీకేమన్నా మతి పోయిందా? లిఫ్టులో నిలబడితేనే నాకు కాళ్ళు లాగుతన్నయ్యి. అడివంట, అడివి! అరవయ్యారేళ్ళ ముసలిదాన్ని, మూట నెత్తిన పెట్టుకుని అడివిలో ఊరేగాలా?"

ఆమె కోపం నాకు తెలియనిది కాదు. కిందటిసారి గేటు తెరిచినప్పుడు, ఇక వచ్చెయ్యమని అన్నయ్యకి కబురు పంపింది. అన్నయ్య రాలేదు. సంచెడు కొర్రలు పంపాడు, విత్తనానికి ఉంచమని చెప్పి. వదిన ఆ పూటే వాటిని దంచి అన్నం వండేసింది. కూతురు ఆద్యకీ నాకూ వడ్డించింది. ముగ్గురం తిన్నాం. చివర్లో, "కూరలో ఉప్పు తక్కువైంది," అంది వదిన.

నమోదు 4

పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో వదిన. తోడుకాళ్ళు లేవు. రెండు చేతులతో గోడ పట్టుకుని, చెమటలు కక్కుతూ నిలబడి ఉంది.

"లోపలికి రమ్మంటావా, ఇక్కడే పడమంటావా?" అంది.

తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. ఎందుకు మనసు మారిందని అడగలేదు. తనే చెప్పింది. "నువ్వు ఏ గుట్ట మీదో పడి చస్తే ఆ పాపం నాకెందుకు? నీ కోసం వస్తన్నా. ఆయన కోసం కాదు. ముందే చెప్తన్నా."

నమోదు 12. మాఘం

మా టవరుకి మెట్లున్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. లిఫ్టుల వెనక తలుపు తీస్తే దుమ్ము, పాత పెయింటు వాసన, మెట్లు. గోడ మీద పెద్ద అక్షరాలు: అరవై దాటినవారు మెట్లు దిగరాదు. పూర్వం ముసలివాళ్ళు పడిందంతా దిగేటప్పుడేనట. అందుకని టవరు వాళ్ళు దిగడాన్నే తీసేశారు. ఎక్కొచ్చు. ఎక్కి, లిఫ్టులో కిందికి రావాలి.

అడవికి వెళ్ళాలనుకునే వాళ్ళంతా ఇలాగే సాధన చేస్తారు. వీపు సంచిలో నీళ్ళ సీసాలు నింపుకుని ఎక్కుతారు, లిఫ్టులో దిగుతారు, మళ్ళీ ఎక్కుతారు. గేటు దగ్గర పెట్టే పరీక్ష కూడా ఎక్కడమే. మొదటి రోజు మేం మూడో అంతస్తు దాకా వెళ్ళి, మెట్ల మీద కూర్చుని, ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

"మన శవాలు లిఫ్టులో పడతయ్యా?" అని అడిగింది వదిన.

నవ్వితే డొక్కలో నొప్పి. నవ్వించొద్దని తనని తిట్టాను.

నమోదు 20

అలిసిపోయాను. ఇవాళ ఎందుకు లేచానో నాకే తెలియదు. పిక్కలు రాళ్ళయ్యాయి. పక్కకి ఒత్తిగిల్లాలంటే ముందు ఆలోచించుకోవాల్సి వస్తోంది. భుజాల మీద సంచి పట్టీలు కోసుకుపోయి చర్మం లేచింది, కొబ్బరినూనె రాస్తే చుర్రుమంది. ముప్ఫై ఏళ్ళ పిల్లలు తోడుకాళ్ళ అవసరం లేకుండానే మెట్ల మీద నన్ను దాటిపోతూ, "సూపర్ ఆంటీ," అంటున్నారు. వాళ్ళని కూడా తిట్టాలనుంది, ఊపిరి చాలడం లేదు.

అయినా ఎక్కుతున్నాను. పొద్దుటి కంటే సాయంత్రం ఒక అంతస్తు ఎక్కువ. నా కాళ్ళు నావేనని కొత్తగా తెలుస్తోంది. అది సంతోషమే కానీ, సంతోషించడానికి కూడా ఓపిక ఉండాలిగా.

వదిన మాత్రం రోజూ వెనకబడుతోంది. కలిసి బయల్దేరతాం, రెండు అంతస్తులయ్యాక ఆమె కనపడదు. నేను పైకి చేరి చాలాసేపు చూశాక తాపీగా వస్తుంది. వచ్చిన మనిషికి చెమట ఉండదు.

నమోదు 27. ఫాల్గుణం

వదిన మోసం బయటపడింది. పై అంతస్తులో నీళ్ళు తాగుతూ నిలబడ్డాను, లిఫ్టు తలుపు తెరుచుకుంది, లోపల్నుంచి వీపున సంచితో వదిన దిగింది. నన్ను చూసి ఒక్క క్షణం తడబడి, పైట సర్దుకుంది.

"ఇన్నాళ్ళూ ఇదేనా నువ్వు చేస్తోంది?" అన్నాను.

"ఎక్కితే ఆయాసం వస్తంది. అందుకని లిఫ్టులో వచ్చి మెట్ల మీద దిగుతన్నా. దిగుడూ మెట్లేగా? నడకేగా?"

"దిగడం ఒక పనా? బరువు దానంతటదే కిందికి పోతుంది. పైగా బోర్డు చూళ్ళేదా? పడితే తుంటి విరుగుతుంది."

"నువ్వు టీచరమ్మవి, బోర్డులు చదువు. నేను చదవను."

ఒళ్ళు మండిపోయింది. నేను ప్రాణాలు పెట్టి ఎక్కుతుంటే ఈవిడ షికారు చేస్తోంది. పరీక్షలో తప్పితే ఇద్దర్నీ పంపరు, నీ బద్ధకంతో నాకు అన్నయ్యని దూరం చెయ్యకని గట్టిగా కేకలేశాను. వదిన మొహం చిన్నబోయింది. తలుపు తోసుకుని, మెట్ల మీద దిగి వెళ్ళిపోయింది. ఆ అడుగుల చప్పుడు చాలా కింది దాకా వినిపించింది.

నమోదు 29

రెండు రోజులు మాటల్లేవు. ఇవాళ వదిన అట్లు పోసుకొచ్చింది. రేపట్నుంచి పొద్దున పూట ఎక్కుతానంది. సాయంత్రం మాత్రం తన ఇష్టమంది. సరేనన్నాను. అట్లు బాగున్నాయి.

నమోదు 38. జ్యేష్ఠం, అడవి గేటు

వదిన సాధన అయ్యేసరికి ఎండాకాలం చివరికి వచ్చేశాం. మాదే ఆఖరి జట్టు. పున్నమి లోగా వెళ్ళి రావడానికి రోజులు సరిగ్గా సరిపోతాయి, ఒక్కరోజు మాత్రమే చేతిలో ఉంటుంది.

పరీక్ష అంటే వీపున నిండు సంచితో గేటు కొండ మెట్లు ఆగకుండా ఎక్కడం. నేను ఎక్కేశాను. పైన నిలబడి చూస్తే వదిన నడి దారిలో ఉంది. జుట్టు ముడి ఊడిపోయింది, నోరు తెరిచే ఉంది. ఆమె పైకి చేరేలోగా నేను మొక్కని దేవుడు లేడు.

"మధ్యలో ఆగారా పెద్దమ్మా?" అని గేటు ఆవిడ అడిగింది.

"ఆగలేదు. ఊపిరి పీల్చుకున్నా. అది కూడా తప్పేనా?" అంది వదిన.

ఆవిడ నవ్వుతూ ముద్ర వేసింది. తోడుకాళ్ళు రెండు జతలూ గేటు దగ్గర అప్పగించాం. ఆద్య వచ్చి వాళ్ళమ్మని పట్టుకుని, "పున్నమికి ఇక్కడే నిలబడి ఉంటానమ్మా," అంది. వదిన ఆ అమ్మాయి గడ్డం పట్టుకుని ఊపి, "కూర ఏదన్నా వండి తీసుకురా," అంది.

నమోదు 39. అడవి, మొదటి మజిలీ

తప్పు చేశాం. కాదు, తప్పు చేశాను.

పొద్దున మొదటి కొండ ఎక్కడం నాకు పెద్ద లెక్క కాలేదు. వదిన ప్రతి బండ మీదా కూర్చుంటుంటే, నా కర్ర కొస అందించి లాగాను. "లే వదినా, ఇంకొంచెమే," అని అనడం, లాగడం. గర్వంగా కూడా ఉంది. చుట్టూ చెట్ల వాసన, ఎండుటాకుల చప్పుడు, ఎక్కడో నెమలి కూత. ముప్ఫై ఏళ్ళు మ్యాపు మీద చూపించిన కొండ ఇప్పుడు నా కాళ్ళ కింద ఉంది.

తర్వాత దిగుడు వచ్చింది.

మొదటి పది అడుగుల్లోనే తొడలు వణకడం మొదలుపెట్టాయి. అడుగు కింద పెడితే మోకాలు నా మాట వినకుండా లోపలికి మడిచేసుకుంటోంది. వీపు మీది సంచి వెనక నుంచి తోస్తోంది. ఎక్కేటప్పుడు మనిషి తనని తాను లేపుకుంటుంది, దిగేటప్పుడు తనని తాను పట్టుకోవాలి. ఆ పట్టుకోవడం ఈ కాళ్ళు ఒక్కరోజు కూడా నేర్వలేదు. కొండ అంటే ఎంత ఎత్తో అంత పల్లమని పిల్లలకి పాఠం చెప్పి, పరీక్షల్లో ప్రశ్న కూడా ఇచ్చినదాన్ని.

వదిన నా ముందు పక్కవాటుగా నిలబడి, మోకాలు కొద్దిగా వంచి, ఒక్కో అడుగూ ఆనించుకుంటూ తాపీగా దిగుతోంది. నేను రెండోసారి పడ్డాక వెనక్కి వచ్చి నా సంచి కూడా తన మెడకి తగిలించుకుంది.

"నా భుజం పట్టుకో. మోకాళ్ళ వంక చూడమాక. కాలు పెట్టే చోటే చూడు."

దారంతా ఒక్క మాట ఎత్తిపొడవలేదు. సాయంత్రం అటుకులు తింటూ మాత్రం, "దిగడం ఒక పనా, అన్నావు చూడు," అంది. ఆ మాట కోసం పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నానేమో, విన్నాక కాస్త తేలికపడింది.

నమోదు 40

ఇవాళ కూడా అదే. ఎక్కుడు మీద నేను ఆమెని లాగుతాను, దిగుడు మీద ఆమె నన్ను ఆపుతుంది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి నడక. మోకాళ్ళు రెండూ వాచి గుండ్రంగా అయ్యాయి. కుడి మోకాలు పూర్తిగా వంగడం లేదు. వాగులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. చేతిలో ఉన్న ఒక్క రోజూ నా మోకాళ్ళే తినేశాయి.

నమోదు 42. లోయ అంచు

కృష్ణ కనపడింది. చాలా కింద, సన్నగా. ఒడ్డున గుడిసెలు, చిన్న చిన్న మళ్ళు, వంట పొగ. అన్నయ్య అక్కడే ఉన్నాడు.

అక్కడికి దారి నిట్టనిలువు దిగుడు. రాళ్ళలో అక్కడక్కడా చెక్కిన మెట్లు, ఒక్కో మెట్టు నా మోకాలంత ఎత్తు. నిన్న మధ్యాహ్నం ఇక్కడికి చేరి, వదిన భుజం పట్టుకుని మూడు మెట్లు దిగాను. నాలుగో మెట్టుకి కుడికాలు పూర్తిగా జారిపోయి ఇద్దరం పడబోయాం. వదిన ఒక వేరు పట్టుకోబట్టి బతికాం. మళ్ళీ నన్ను పైకి చేర్చింది.

"నా వల్ల కాదు," అన్నాను. అని ఏడ్చాను. ఇన్ని నెలలు ఎక్కినవన్నీ వృథా అయిపోయాయి. అన్నయ్య కళ్ళెదుటే ఉన్నాడు, నేను పోలేను.

వదిన వంగి కిందికి చూసింది. తర్వాత లేచి చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంది.

"నేను పోయి ఆయన్ని పైకి తీసుకొస్తా. నువ్వు కదలమాక."

చూడాలనుకున్నదాన్ని నేను. చూడనని ఒట్టు పెట్టుకున్నది తను. నేను పైన కూర్చున్నాను, ఆమె దిగి వెళ్ళింది. ఎర్రచీర చెట్ల మధ్య కాసేపు కనిపించి కనపడకుండా పోయింది.

ఇవాళ పొద్దున లేచి చూస్తే ఏటి ఒడ్డున ఎవరో నిలబడి ఉన్నట్టుంది. ఎవరో చేతులు చాపి, నా వైపే. అన్నయ్యేనని నిలబడి చెయ్యి ఊపాను. గొంతు పోయేలా పిలిచాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపాను.

నమోదు 43. అదే రోజు మధ్యాహ్నం

వదిన ఒంటరిగా వచ్చింది. తెల్లవారుజామున బయల్దేరి ఇప్పటికి చేరింది. వచ్చి పడుకుండిపోయింది. నీళ్ళు తాగించాక గానీ మాట రాలేదు.

"రాలేడు. నాలుగడుగులేస్తే దగ్గు. చిక్కి సగమయ్యాడు. నిన్ను తిరిగి పొమ్మన్నాడు, పున్నమికి గేటు దాటాలి గదా అని." ఇంకాస్త నీళ్ళు తాగి, "అడగాల్సింది అడిగేశాలే," అంది.

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? తల దించుకుని విన్నాడు. అయిపోయినాక, గంజి తాగుతావా అన్నాడు."

"తాగావా?"

"తాగా. ఆకలేసింది గదా."

పొద్దున అన్నయ్యని చూశానని, చెయ్యి ఊపానని చెప్పాను. వదిన నా వంక ఒకలా చూసింది. అప్పుడు గమనించాను, ఒంటి మీద ఉన్నది వేరే చీర.

"అది నా చీరే లాస్యా. ఏట్లో కాలు జారి తడిసింది, ఎండేసి ఆరక వదిలేసొచ్చా. దార్లో ఉన్న నాకే నీ గొంతు వినపళ్ళేదు."

పొద్దుటంతా ఆరేసిన చీరకి చెయ్యి ఊపానన్నమాట. ఇక్కడి నుంచి ఇంటికెళ్ళి, పదేళ్ళు ఆ చీరనే తలుచుకుంటూ బతకాలి. అన్నయ్యకి పదేళ్ళు లేవు. నాకూ ఉంటాయో లేదో.

"నేను దిగుతాను," అన్నాను.

"ఎట్టా?"

"కూర్చుని. పిల్లలు దిగినట్టు. ఒక్కో మెట్టూ కూర్చుని జరుగుతాను."

"సాయంత్రమవుద్ది నీకు. రేపు మళ్ళీ ఎక్కాల. గేటు అందదు మనకి."

"మనకి కాదు వదినా. నువ్వు ఇప్పుడే బయల్దేరు. ఆద్య గేటు దగ్గర నిలబడి ఉంటుంది."

ఆమెకి అర్థమైంది. నన్ను తిట్టింది. నోటికొచ్చినట్టు తిట్టింది. నీ కోసం కాళ్ళరగదీసుకుని ఇంతదూరం వస్తే నన్ను ఒంటిదాన్ని చేసి పంపుతావా, అన్నకి తగ్గ చెల్లెలివే, అంది. నిజమే. అన్నయ్య ఆమెని వదిలేసి వెళ్ళాక ఇరవై ఏళ్ళు పొద్దున్నే టీ గ్లాసుతో నా తలుపు కొట్టిన మనిషిని ఇవాళ నేను వదిలేస్తున్నాను. ఆ సంగతి తెలిసే చేస్తున్నాను.

తిట్టడం అయ్యాక దుప్పటి సగానికి చించింది. మడిచి, నా నడుముకి వెనకవైపు బిగించి కట్టింది.

"ఈ వయసులో నీకు గోచీ పెట్టాల్సొచ్చింది," అంది, కళ్ళు తుడుచుకుంటూ.

నా కర్ర ఆమెకి ఇచ్చాను. దారిలో ఇంకా రెండు పెద్ద ఎక్కుళ్ళున్నాయి. అటుకులు ఎక్కువ భాగం ఆమె సంచిలో పెట్టాను, తనేమో వేరుశనగ ఉండలన్నీ తీసి నా సంచిలో కుక్కింది. మొదటి మెట్టు మీద నన్ను కూర్చోబెట్టింది.

"ముందు మడమ ఆనించు. తర్వాత చేతులు. ఆఖర్న నువ్వు. తొందరపడమాక."

"నువ్వు కూర్చోకు వదినా. కూర్చుంటే లేవలేవు."

"నాకు చెప్పొచ్చావు," అని వెళ్ళిపోయింది. నేను ఇది రాసి దిగడం మొదలుపెడతాను.

నమోదు 45. లోయ

గేటు ఆఫీసుకి ఇవి ఇక చేరవు. చెయ్యి అలవాటు పడింది, రాస్తున్నాను.

పొద్దు వాలే వేళకి కిందికి చేరాను. దుప్పటి ముక్క చిరిగి పీలికలైంది, కింద చర్మం కూడా. ఆఖరి మెట్ల దగ్గర ఒక ముసలాయన బండకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. లేవబోయి, దగ్గొచ్చి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఎవరు దిగమన్నారే నిన్ను? అరవయ్యేళ్ళు దాటినా బుద్ధి రాలేదా?" అని కేకలేశాడు. ఆ గొంతు అదే. నేను ఆ బండ దగ్గరికి కూర్చునే జరిగి, అన్నయ్య కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. చాలా సంతోషంగా ఉంది. ఇంత అలసటలో అంత సంతోషం పడుతుందని నాకు తెలియదు.

ఆముదపు ఆకులు వేడిచేసి మోకాళ్ళకి కట్టాడు. కొర్ర గంజి కాచి పెట్టాడు. ఏ మాట మొదలుపెట్టినా దగ్గు అడ్డుపడుతుంది, అందుకని ఎక్కువ మాట్లాడుకోలేదు. పక్కపక్కనే కూర్చుని ఏరు చూశాం.

నమోదు 48

నిన్నటితో పున్నమి అయిపోయింది. గేటు వేసేసి ఉంటారు. వదిన అటువైపు ఉందో, ఇటువైపు ఏ కొండ మీద ఉందో మాకు తెలిసే దారి లేదు.

వచ్చిన రోజు నుంచీ అన్నయ్య ఆమె పేరు ఎత్తలేదు. ఇవాళ మడి దగ్గర కలుపు తీస్తూ ఉన్నట్టుండి అడిగాడు. "దిగుడు బాగా దిగుతుందా మీ వదిన?"

"నా కంటే బాగా దిగుతుంది."

"మరి ఎక్కుడు?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ప్రతి బండ మీదా కూలబడేది. నేను కర్ర అందించి, 'లే వదినా, ఇంకొంచెమే,' అంటే లేచేది. చివరి రోజు నీ దగ్గర్నుంచి ఒక్కతే ఎక్కి వచ్చిందిగా, ఎక్కగలదు."

"ఆ రోజు పైన నువ్వున్నావు," అన్నాడు.

కలుపు తియ్యడం ఆపేశాడు. చేతుల మట్టి దులుపుకుని, మెల్లగా లేచి, మళ్ళు దాటి, కొండ మొదట్లో ఆ మెట్ల దాకా నడిచాడు. నేను వెనకే కుంటుకుంటూ వెళ్ళాను. తలెత్తి, ఖాళీగా ఉన్న ఆ దారి వైపు చూస్తూ, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని పిలిచాడు.

"ఉజ్వలా, లే! ఇంకొంచెమే!"

తర్వాత చాలాసేపు దగ్గాడు.